పాట వేరు, రికార్డు వేరు



1991 సెప్టెంబరు 10న అమెరికాలో ఒక పాట విడుదలైంది. పాట పేరు 'స్మెల్స్ లైక్ టీన్ స్పిరిట్'. బ్యాండు పేరు నిర్వాణా. ముగ్గురే మనుషులు. గిటారు వాయిస్తూ పాడేది కర్ట్ కోబేన్. బేస్ గిటారు క్రిస్ట్ నొవొసెలిక్. డ్రమ్స్ డేవ్ గ్రోల్. పాశ్చాత్య సంగీతంతో పెద్దగా పరిచయం లేనివాళ్లు కూడా ఆ పాట మొదట్లో వచ్చే గిటారు వరసను ఎక్కడో ఒకచోట వినే ఉంటారు.

నిర్వాణాది అంతకుముందు దాకా చాలా గరుకైన వాయింపు. గిటారు గరగరమంటుంది. గొంతు బొంగురుగా అరుస్తుంది. చిన్న చిన్న హాళ్లలో, చెమటలు కారుతున్న కుర్రాళ్ల మధ్య వాయించే బ్యాండు అది. అలాంటి బ్యాండు కొత్త పాట ఒక్కసారిగా తేటగా, నున్నగా, నిండుగా వినపడింది. ఆ పాట వింటూనే లక్షల మంది వీళ్లకు అభిమానులైపోయారు. పాత అభిమానుల్లో కొందరు మాత్రం నొచ్చుకున్నారు. మనవాళ్లు పెద్ద కంపెనీకి అమ్ముడుపోయారన్నారు. అన్నిటికంటే ఆలోచించాల్సిన సంగతి ఏమిటంటే, కొన్నాళ్లకు ఆ పాట పాడిన కోబేన్ కూడా తన రికార్డు మరీ నున్నగా ఉందని ఇబ్బంది పడ్డాడు.

మరి ఎవరు చెప్పింది సరైనది? రికార్డు నున్నబడితే పాటలో పస తగ్గిపోయినట్టేనా? ఈ పూట దీని గురించే మాట్లాడుకుందాం. ఇందుకు ఒక పద్ధతి ఉంది. చాలా తేలికైనది. పాటను ఒకసారి వినాలి. రికార్డును ఇంకోసారి వినాలి. పాట వేరు, రికార్డు వేరు.

అదెలా అంటారా? మీరు వంటింట్లో పని చేసుకుంటూ కూనిరాగం తీస్తారు. అప్పుడు మీ నోట్లో ఉన్నది పాట. వరస, మాట, నడక, అంతే. అందులో డ్రమ్ము లేదు, గిటారు లేదు, మైకు లేదు. అయినా పాట ఉంది. ఇక అదే పాటను ఏ గదిలో వాయించారు, ఎన్ని మైకులు పెట్టారు, గొంతును ముందుకు తెచ్చారా వెనక్కి నెట్టారా, డ్రమ్ము దెబ్బ ఎంతసేపు మోగింది, ఇదంతా రికార్డు. మనం రెండిటినీ కలిపే వింటాం. కలిపే మెచ్చుకుంటాం. కలిపే తిడతాం. చిక్కు అక్కడే వస్తుంది.

నిర్వాణా కథలో ఈ రెండిటినీ విడదీసి చూద్దాం.

అమెరికా వాయవ్య మూలన వాషింగ్టన్ రాష్ట్రం ఉంది. అక్కడ అబర్డీన్ అని ఒక ఊరు. కలప మీద బతికిన ఊరు. 1987లో కోబేన్, నొవొసెలిక్ అక్కడే ఈ బ్యాండు మొదలుపెట్టారు. వాళ్ల మొదటి ఆల్బమ్ 'బ్లీచ్'. 1989 జూన్‌లో వచ్చింది. విడుదల చేసింది సియాటిల్‌లోని సబ్ పాప్ అనే చిన్న కంపెనీ. రికార్డింగుకి అయిన ఖర్చు 606 డాలర్ల 17 సెంట్లు. ఆల్బమ్ వెనక అట్ట మీద కూడా ఆరు వందల డాలర్లకు రికార్డు చేశామని అచ్చు వేసుకున్నారు. గర్వంగానే వేసుకున్నారు. రికార్డింగు మొత్తం ముప్ఫై గంటల్లో అయిపోయింది. చేసిన ఇంజనీరు జాక్ ఎండినో. అక్కడున్నది ఎనిమిది ట్రాకుల యంత్రం.

ఎనిమిది ట్రాకులంటే ఎనిమిది ధ్వనులను మాత్రమే విడివిడిగా ఎక్కించగలం. డ్రమ్స్‌కే మూడో నాలుగో పోతాయి. మిగిలినవాటిలో బేసు, గిటారు, గొంతు సర్దుకోవాలి. పైన మెరుగులు దిద్దడానికి చోటుండదు. అందుకే 'బ్లీచ్' వింటే మనం ఆ చిన్న గదిలోనే గోడకి ఆనుకుని నిలబడినట్టు ఉంటుంది. అన్నీ ఒకదాని మీద ఒకటి పడి వస్తాయి. బరువుగా ఉంటుంది. ఆ బరువు నాకు చాలా ఇష్టం. దాన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్లతో నేను ఏకీభవించను.

కానీ అదే 'బ్లీచ్'లో 'అబౌట్ ఎ గర్ల్' అనే పాట ఉంది. దాన్ని జాగ్రత్తగా వినండి. అరుపుల మధ్య అది చక్కని వరసున్న పాట. నోటికి వెంటనే పట్టుకుంటుంది. నాలుగేళ్ల తర్వాత, 1993 నవంబరులో, న్యూయార్క్‌లో ఎంటీవీ అనే సంగీత టీవీ చానల్ 'అన్‌ప్లగ్డ్' కార్యక్రమంలో నిర్వాణా వాయించింది. ఆ రోజు మొదట వాయించిన పాట ఇదే. గరగరలాడే గిటార్లు పక్కన పెట్టి వాయించినా పాట చెక్కు చెదరలేదు. అంటే ఏమిటి? వినసొంపైన వరసలు కట్టడం కోబేన్‌కి పెద్ద కంపెనీ నేర్పలేదు. ఆరు వందల డాలర్ల రికార్డులోనే అది ఉంది. నునుపు వచ్చింది కాబట్టి వరస వచ్చిందనుకోవడం పొరపాటు. వరస ముందు నుంచీ ఉంది. పాట వేరు, రికార్డు వేరు.

ఇక 1991కి వద్దాం. ఈలోపు మూడు మార్పులు జరిగాయి. బ్యాండు డీజీసీ అనే పెద్ద కంపెనీకి మారింది. డ్రమ్స్ వాయించడానికి 1990 సెప్టెంబరులో డేవ్ గ్రోల్ వచ్చి చేరాడు. నిర్మాతగా బుచ్ విగ్ కుదిరాడు. విగ్‌కి వీళ్లు కొత్త కాదు. 1990 ఏప్రిల్‌లోనే విస్కాన్సిన్ రాష్ట్రంలోని మాడిసన్‌లో, తన స్టూడియోలో వీళ్ల పాటలు కొన్ని రికార్డు చేశాడు.

కొత్త ఆల్బమ్‌కి ముందు కోబేన్ విగ్‌కి ఒక క్యాసెట్టు పంపాడు. రిహార్సల్ జరుగుతుంటే మామూలు టేప్ రికార్డరు పెట్టి ఎక్కించిన క్యాసెట్టు. ధ్వని మొత్తం పగిలిపోయి ఉంది. డ్రమ్ములు ఎక్కడో, గిటారు ఎక్కడో తెలియదు. అందులోనే 'స్మెల్స్ లైక్ టీన్ స్పిరిట్' ఉంది. ఆ గందరగోళంలో కూడా పాట గట్టిదని విగ్ పట్టుకోగలిగాడు. రికార్డును దాటి పాటను వినే చెవి అంటే అదీ.

1991 మే నెలలో లాస్ ఏంజెలెస్ నగరం వాన్ నైస్ ప్రాంతంలో సౌండ్ సిటీ అనే స్టూడియోలో రికార్డింగు మొదలైంది. బడ్జెట్ సుమారు 65 వేల డాలర్లు. ఆరు వందల నుంచి 65 వేలకు! డబ్బు పెరిగింది సరే. ఆ డబ్బుతో ఏం కొన్నారన్నది మనకు కావాలి.

మొదట కొన్నది గది. సౌండ్ సిటీలో డ్రమ్స్ వాయించే గది పెద్దది. డ్రమ్ము గురించి ఒక సంగతి చెప్పుకోవాలి. డ్రమ్ము దెబ్బ ఒక్క క్షణమే. ఆ దెబ్బ గోడలకు తగిలి వెనక్కి వస్తేనే మనకు నిండుగా వినపడుతుంది. ఇరుకు గదిలో అది టప్‌మని ఆగిపోతుంది. విశాలమైన గదిలో గుండెల దాకా వస్తుంది. ఇక్కడ మాత్రం డేవ్ గ్రోల్‌కి దక్కాల్సింది దక్కాలి. అతను చాలా బలంగా కొడతాడు. మొదట గిటారు వరస ఒక్కటే వస్తుంది. ఆ వెంటనే డ్రమ్స్ వచ్చి పడతాయి. ఆ పడటం గది వల్ల వచ్చింది కొంత, గ్రోల్ చేతుల వల్ల వచ్చింది ఎక్కువ. రికార్డు నునుపు అని మనం అనుకునేదాంట్లో ఒక భాగం నిజానికి కొత్తగా వచ్చిన డ్రమ్మరు.

ఈ పాటను వాళ్లు అతుకులు వేసి తయారు చేశారనుకోకండి. ముగ్గురూ కలిసి మూడుసార్లు వాయించారు. రెండోసారి వాయించినదే ఉంచుకున్నారు. తర్వాత సరిదిద్దింది కొంచెమే. విగ్ పాటను కాస్త కుదించాడు కూడా.

రెండో సంగతి గొంతు. కోబేన్ ఒకసారి పాడాక, అదే పాటను మళ్లీ పాడి మొదటిదాని మీద పరచమని విగ్ అడిగాడు. దీన్నే డబుల్ ట్రాకింగ్ అంటారు. ఒకే మనిషి రెండుసార్లు పాడినప్పుడు రెండూ అచ్చం ఒకేలా ఉండవు. వెంట్రుకవాసి తేడా ఉంటుంది. ఆ తేడా వల్లనే గొంతు చిక్కబడుతుంది. కోబేన్ మొదట ఒప్పుకోలేదు. అది మోసం అనిపించింది. అప్పుడు విగ్ అతనికి బీటిల్స్ బృందం జాన్ లెనన్ కూడా అలాగే పాడేవాడని చెప్పాడు. కోబేన్‌కి లెనన్ అంటే ప్రాణం. ఒప్పుకున్నాడు.

రికార్డింగు అయ్యాక మిక్సింగ్. అన్ని ట్రాకులనూ కలిపి, దేన్ని ఎంత వినిపించాలో తూచి పెట్టడమే మిక్సింగ్. విగ్, బ్యాండు కలిసి చేసిన మిక్సింగ్ కుదరలేదు. అప్పుడు కంపెనీ కొందరు నిపుణుల పేర్లు ముందుపెట్టింది. కోబేన్ వాళ్లలోంచి ఆండీ వాలెస్‌ని ఎంచుకున్నాడు. ఎందుకో తెలుసా? స్లేయర్ అనే బ్యాండు ఉంది. రాక్ సంగీతంలో అత్యంత కరకుగా వాయించేవాళ్లలో ఒకరు. వాలెస్ వాళ్లతో పనిచేశాడు. నునుపు చేసే మనిషిని కోబేన్ అతని కరకుతనం చూసి ఎంచుకున్నాడన్నమాట.

వాలెస్ ఏం చేశాడు? డ్రమ్స్‌కి ప్రతిధ్వని జోడించాడు. శాంపిల్స్, అంటే ముందే రికార్డు చేసి ఉంచిన దెబ్బలు, కలిపాడు. గిటార్లను ఎడమకూ కుడికీ విడదీసి పరిచాడు. గొంతుకి మధ్యలో చోటు చేశాడు. ఇందులో రేడియోకి సంబంధించిన రహస్యం ఒకటుంది. ఇప్పుడు మీరు నా మాట వింటున్న స్పీకరు ఎంతది? అరచేయంత ఉండొచ్చు. ఫోన్లో వింటుంటే ఇంకా చిన్నది. చిన్న స్పీకరులో లోతైన ధ్వని పలకదు. పెద్ద డ్రమ్ము గుమ్మనే శబ్దంలో గుమ్ము పోతుంది. దెబ్బ పడిన చప్పుడు మాత్రం మిగులుతుంది. ఆ చప్పుడును ముందుగానే స్పష్టంగా పెట్టి ఉంచితే, చిన్న స్పీకరులో కూడా డ్రమ్ము నడక తెలుస్తుంది. లేకపోతే అంతా ముద్దగా కలిసిపోతుంది. 1991లో జనం పాటలు వినేది కారు రేడియోలో, టీవీ పెట్టెలో. ఆ పెట్టెల్లోంచి కూడా పాట దూకి బయటికి రావాలి. వాలెస్ పనితనం అక్కడ ఉపయోగపడింది.

దీన్ని మన వంటింటి మాటల్లో చెప్తాను. గోంగూర పచ్చడి రోట్లో నూరితే కచ్చాపచ్చాగా వస్తుంది. రుచి దాంట్లోనే ఉంటుంది. అదే గోంగూరను మిక్సీలో వేసి అలాగే వదిలేస్తే మెత్తని ముద్దయిపోతుంది. తినబుద్ధి కాదు. కానీ చేయి తిరిగిన వాళ్లు మిక్సీలో కూడా ఒక్క తిప్పు తిప్పి ఆపేస్తారు. ఉల్లిపాయ ముక్క పంటికి తగులుతుంది. తప్పు మిక్సీది కాదు. ఎక్కడ ఆపాలో తెలియకపోవడంలో ఉంది. వాలెస్‌కి ఎక్కడ ఆపాలో తెలుసు. ఈ పాట చివర కోబేన్ ఒకే మాటను మళ్లీ మళ్లీ అరుస్తాడు. గొంతు చీరుకుపోతూ ఉంటుంది. ఆ చీలికను ఎవరూ సరిచేయలేదు. కచ్చాపచ్చాగానే వదిలేశారు.

నా అభిప్రాయం ఇంకో అడుగు ముందుకు వేసి చెప్తాను. ఈ పాటకు ఆ తేటదనం అవసరం. అది లేకపోతే పాటలో ఉన్న కరకుదనం కూడా వినపడదు. ఎందుకంటే ఈ పాట నిర్మాణమే ఎగుడుదిగుడుల మీద ఉంది. చరణంలో గిటారు దాదాపు తప్పుకుంటుంది. రెండే రెండు స్వరాలు మోగిస్తుంది. బేసు, డ్రమ్స్ మాత్రమే నడుస్తాయి. గొంతు గొణిగినట్టుంటుంది. తర్వాత పల్లవిలో అన్నీ ఒక్కసారి విరుచుకుపడతాయి. మెల్లగా, గట్టిగా; మళ్లీ మెల్లగా, మళ్లీ గట్టిగా. పిక్సీస్ అనే బ్యాండు పాటల్లో ఈ పద్ధతి ఉంది. వాళ్లలా ఒక పాట కట్టాలని ప్రయత్నించానని కోబేన్ దాచుకోకుండా చెప్పాడు. ఇప్పుడు ఆ పగిలిన క్యాసెట్టును తలుచుకోండి. అందులో మెల్లగా ఉన్నదీ బీటలే, గట్టిగా ఉన్నదీ బీటలే. రెండిటికీ తేడా తగ్గిపోయింది. మెల్లదనం శుభ్రంగా వినపడితేనే విరుచుకుపడటం విరుచుకుపడినట్టుంటుంది. ఈ పాటలో నునుపు గరుకును చెరిపేయలేదు. చూపించింది.

ఆల్బమ్ పేరు 'నెవర్‌మైండ్'. 1991 సెప్టెంబరు 24న వచ్చింది. అమెరికాలో మొదట పంపింది సుమారు 46 వేల కాపీలే. ఈ పాట ఇంత దూరం వెళ్తుందని కంపెనీ కూడా అనుకోలేదు. రేడియోలో నిలిచేది తర్వాత వచ్చే 'కమ్ యాజ్ యు ఆర్' అనుకున్నారు. కానీ 1992 జనవరి 11 నాటికి 'నెవర్‌మైండ్' అమెరికాలో ఆల్బమ్‌ల బిల్‌బోర్డ్ పట్టికలో మొదటి స్థానానికి వచ్చింది. అక్కడి నుంచి దిగిపోయింది మైకేల్ జాక్సన్ 'డేంజరస్'. మన దేశంలోకి స్టార్ టీవీ, దానితో పాటు ఎంటీవీ వచ్చింది కూడా 1991లోనే. డిష్ ఉన్న ఇళ్లలో కుర్రాళ్లకు ఈ పాట అలా చేరింది.

ఈ ఆల్బమ్‌లోనే చివరగా 'సమ్‌థింగ్ ఇన్ ది వే' అనే పాట ఉంది. దాన్ని ఎలా రికార్డు చేశారో చెప్పకుండా ముందుకు వెళ్లలేను. మామూలుగా వాయిస్తుంటే అది కుదరలేదు. కోబేన్ ఇంజనీర్లు కూర్చునే గదిలోకి వచ్చి సోఫా మీద వాలాడు. పాట ఎలా ఉండాలో గుసగుసగా పాడి చూపించాడు. విగ్‌కి విషయం అర్థమైంది. ఫోను ఆపేశాడు. ఫ్యాను ఆపేశాడు. అక్కడికే మైకులు తెచ్చాడు. కోబేన్ అలాగే పడుకుని పాడాడు. చేతిలో పాత గిటారు. దానికి తీగలు అయిదే ఉన్నాయి. మిగతా వాయిద్యాలన్నీ తర్వాత ఆ గుసగుస మీద పరిచారు. నున్నగా ఉందని పేరు పడ్డ ఆల్బమ్‌లోనే ఇదీ ఉంది. మంచి నిర్మాత పని మెరుగులు దిద్దడం ఒక్కటే అనుకునేవాళ్లు ఈ పాట వినాలి. ఫ్యాను ఆపడం కూడా ఆ పనిలో భాగమే.

మరి కోబేన్ ఇబ్బంది సంగతి? దాన్ని నేను తేలిగ్గా తీసుకోను. అతను పంక్ సంగీతం నుంచి వచ్చాడు. అక్కడ నమ్మకం ఏమిటంటే, ఖరీదైన మెరుపు వినేవాడికీ పాడేవాడికీ మధ్య గోడ కడుతుంది. ఈ నమ్మకం ఊరికే పుట్టలేదు. 1980లలో రాక్ సంగీతంలో చాలా రికార్డులు అలా మెరిసి, లోపల ఏమీ లేకుండా వచ్చాయి. తన రికార్డు వాటి పక్కన చేరిందేమోనని అతని బాధ.

అందుకే తర్వాతి ఆల్బమ్ 'ఇన్ యుటెరో'కి స్టీవ్ అల్బినీని పిలిచాడు. అల్బినీ పద్ధతి వేరు. బ్యాండు గదిలో ఎలా మోగుతుందో అలాగే ఎక్కించడం అతని నియమం. 1993 ఫిబ్రవరిలో మిన్నెసోటా రాష్ట్రం కానన్ ఫాల్స్‌లోని పాకిడెర్మ్ స్టూడియోలో రెండు వారాల్లో ముగించారు. అల్బినీ తన పనికి లక్ష డాలర్లు తీసుకున్నాడు. అమ్మకాల మీద వాటా మాత్రం వద్దన్నాడు. అది సంగీతకారుల సొమ్ము అని అతని మాట. ఆ నిజాయతీకి నేను దణ్ణం పెడతాను. అయితే చివరికి ఆ ఆల్బమ్‌లో కూడా 'హార్ట్ షేప్డ్ బాక్స్', 'ఆల్ అపాలజీస్' అనే రెండు పాటలను స్కాట్ లిట్ అనే మరో నిపుణుడితో మళ్లీ మిక్సింగ్ చేయించారు. గొంతు సరిగా వినపడాలని. ఆ మేరకు మెరుగు వాళ్లకీ కావాల్సి వచ్చింది.

'ఇన్ యుటెరో' నాకు చాలా ఇష్టం. కానీ అది గరుకుగా ఉంది కాబట్టి నిజమైనదని, 'నెవర్‌మైండ్' నున్నగా ఉంది కాబట్టి అబద్ధమని అంటే ఒప్పుకోను. రెండూ నిజమైనవే. ఏ పాటకు ఎంత మెరుగు కావాలో అదే అడగాలి.

ఇప్పుడు మీ చేతిలో పెట్టే పని ఒకటి. 'నెవర్‌మైండ్'కి ఇరవై ఏళ్లు నిండాయని 2011లో ఒక పెద్ద సంచిక విడుదల చేశారు. అందులో ఇదే పాట మూడు రూపాల్లో దొరుకుతుంది. టేప్ రికార్డరులో ఎక్కించిన ఆ రిహార్సల్ ఉంది. కుదరలేదని పక్కన పెట్టిన విగ్ మిక్సింగ్ ఉంది. వాలెస్ మిక్సింగ్ ఉంది. ఈ వరసలోనే వినండి. మొదటిదాంట్లో గిటారు, డ్రమ్స్ సంగతి వదిలేయండి. వరసను మాత్రం పట్టుకోండి. రెండోదాంట్లో డ్రమ్ము ఎక్కడుందో చూడండి. మూడోదాంట్లో గొంతు ఎక్కడుందో చూడండి. పెద్ద స్పీకరు అక్కర్లేదు. మీ ఫోను చాలు. మూడిట్లోనూ మారకుండా నిలిచింది పాట. మారుతూ వచ్చింది రికార్డు.

ఇది నిర్వాణాకే కాదు, మీకిష్టమైన ఏ బ్యాండుకైనా సరిపోతుంది. వాళ్ల కొత్త పాట మునుపటిలా లేదని మనసు చివుక్కుమనొచ్చు. అప్పుడు ఒక్క నిమిషం ఆగండి. పాట ఆపేసి, ఆ వరసను మీరే నోటితో అని చూడండి. నోట్లో నిలిస్తే పాట బతికే ఉంది. మీకు నచ్చనిది రికార్డు మాత్రమే. నిలవకపోతే నిస్సంకోచంగా పాట బాగాలేదని చెప్పండి. కానీ మొదటిసారి విని ఎవరినీ అమ్ముడుపోయారనకండి. రెండోసారి వినండి.